కాలుతున్న ఇంటి మీదే నీళ్లు

మశూచిని లోకం నుంచి తరిమేసింది టీకా అని బడిలో చదువుకున్నాం. అది నిజమే గానీ కథలో సగమే. ఎడ్వర్డ్ జెన్నర్ ఇంగ్లండ్‌లో తొలి టీకా వేసింది 1796లో. మశూచి పూర్తిగా అంతరించిందని ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించింది 1980 మే 8న. మధ్యలో 184 ఏళ్లు గడిచాయి. మందు చేతిలో ఉండగానే, ఒక్క ఇరవయ్యో శతాబ్దంలోనే దాదాపు 30 కోట్ల మంది ఈ జబ్బుకు బలయ్యారని అంచనా. అన్నాళ్లూ లొంగనిది చివరి పదేళ్లలో ఎలా లొంగింది? ఆ పదేళ్లలో టీకా మందు పెద్దగా మారలేదు. దాన్ని ముందుగా ఎక్కడికి తీసుకెళ్లాలో తెలుసుకునే పద్ధతి ఒకటి పుట్టింది. నైజీరియాలో మందు చాలక తట్టిన ఆలోచన అది. దానికి అసలు పరీక్ష ఎదురైంది మన బీహార్‌లో. ఇవాళ ఎక్కడ ఏ అంటువ్యాధి తలెత్తినా ఆరోగ్య సిబ్బంది చేసే మొదటి పనుల్లో ఆ పద్ధతి జాడ కనిపిస్తుంది.

ఏడు గంటల రేడియో

1966 డిసెంబరు. తూర్పు నైజీరియాలోని ఒగోజా ప్రాంతం. విలియం ఫేగీ అనే ముప్పై ఏళ్ల అమెరికన్ డాక్టరు అక్కడ మిషన్ వైద్యశాలలో పనిచేయడానికి వచ్చి, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చేపట్టిన మశూచి నిర్మూలనలోనూ పాలుపంచుకుంటున్నారు. ఒకరోజు ఒక మిషనరీ నుంచి రేడియోలో కబురొచ్చింది. ఒక ఊళ్లో మశూచిలా ఉంది, వచ్చి చూడమని. ఫేగీ బృందం వెళ్లి చూసింది. మశూచే.

అలాంటప్పుడు ఏం చేయాలో అప్పటి డాక్టర్లందరికీ తెలుసు. చుట్టుపక్కల జనాభా మొత్తానికి టీకాలు వేయాలి. కానీ అంత మందు లేదు. కార్యక్రమం అప్పుడే మొదలవుతోంది, సరుకు ఇంకా చేరలేదు. ఉన్న కాస్త మందూ ఎవరికి వేయాలి?

ఆ పల్లెల్లో ఫోన్లు లేవు. దూరదూరంగా ఉండే మిషనరీలు రోజూ సాయంత్రం 7 గంటలకు రేడియోలు పెట్టుకుని ఒకరి యోగక్షేమాలు ఒకరు కనుక్కునేవారు. ఆ రోజు ఆ వేళకు ఫేగీ కూడా రేడియో దగ్గర కూర్చున్నారు. పటం ముందు పరుచుకుని, ఏ ఊళ్లు ఏ మిషనరీకి దగ్గరో చూసి పంచారు. మీ వంతు వచ్చిన ప్రతి ఊరికీ మనిషిని పంపండి, మశూచి ఉందా లేదా అని అడిగి రమ్మనండి, రేపు ఇదే వేళకు చెప్పండి అన్నారు. మర్నాడు సాయంత్రం ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. జబ్బు ఏ ఊళ్లలో ఉందో, ఏ ఊళ్లలో లేదో ఒక్క రోజులో పటం మీద తేలిపోయింది.

ఉన్న మందు ముందుగా ఆ ఊళ్లకే వెళ్లింది. ఇక రెండో ప్రశ్న: జబ్బు ఇక్కడి నుంచి ఎటు పోతుంది? దానికి జవాబు వైద్య పుస్తకాల్లో ఉండదు. ఈ ఊరివాళ్లు ఏ సంతకు వెళ్తారు, చుట్టాలు ఏ ఊళ్లలో ఉన్నారు, రాకపోకలు ఎటువైపు ఎక్కువ అని అడిగితేనే తెలుస్తుంది. ఫేగీ బృందం అదే అడిగింది. ఆ దారులు చేరే చోట్లలో మిగిలిన మందు వేసింది. వాటిలో కొన్నిచోట్ల జబ్బు అప్పటికే ఒంట్లో చేరి బయటపడకుండా ఉందని తర్వాత తెలిసింది. టీకా దాన్ని దాటి ముందుకు వెళ్లగలిగింది. కొన్ని వారాల్లో కొత్త కేసులు ఆగిపోయాయి. ఆ ప్రాంతంలో చాలామందికి టీకాయే అందలేదు, అయినా ఆగిపోయాయి.

ఫేగీ చదువుకునే రోజుల్లో వేసవి సెలవులకు అమెరికా వాయవ్య ప్రాంతంలో అడవి మంటలార్పే పనికి వెళ్లేవారు. మంట ముందు ఉన్న ఎండు చితుకుల్ని తీసేస్తే దానికి తినడానికేమీ లేక ఆరిపోతుందని అక్కడే తెలుసుకున్నారు. ఒగోజాలో ఆయన చేసింది అదే. ఈ అనుభవంతో తూర్పు నైజీరియా అంతటా ఇదే పద్ధతిలో పనిచేశారు. దాదాపు కోటీ 20 లక్షల జనాభా ఉన్న ఆ ప్రాంతంలో సగం మందికైనా టీకా పడకముందే మశూచి వ్యాప్తి ఆగింది. 1967 జులైలో అక్కడ బయాఫ్రా అంతర్యుద్ధం మొదలయ్యేనాటికే ఆ పని జరిగిపోయింది.

ఆ రోజుల్లోనే దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఎదురైంది. అబకాలికి అనే పట్టణంలో నూటికి తొంభై మందికి పైగా టీకాలు వేయించుకున్నారు. అయినా 1967లో అక్కడ మశూచి వచ్చింది. టీకాలు వద్దనే ఒక మత బృందం ఆ పట్టణంలో ఉండేది. జబ్బు సరిగ్గా వాళ్లనే వెతుక్కుని వచ్చింది. తొంభై శాతం అనే అంకె చూసి ఊరు భద్రంగా ఉందనుకుంటే, మిగిలిన పదిమందీ ఒకేచోట కూర్చుని ఉన్నారు!

లక్ష్యం చేరినా పోని జబ్బు

అప్పటిదాకా ప్రపంచమంతా నమ్మింది ఒకే లెక్క. జనాభాలో నూటికి 80 మందికి టీకా వేస్తే జబ్బు దానంతటదే తగ్గిపోతుంది. భారతదేశం 1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది కూడా ఈ లెక్క మీదే. కోట్ల టీకాలు వేశారు. రికార్డుల్లో లక్ష్యాలు పూర్తయ్యాయి. కానీ టీకాలు వేసేవాళ్లకు తేలికగా దొరికేది బడిపిల్లలు. వాళ్లకే మళ్లీమళ్లీ వేసేవారు. అప్పుడే పుట్టిన పసిపిల్లలు, పొట్ట చేతపట్టుకుని ఊళ్లు తిరిగే కూలీలు, స్టేషన్లలో తలదాచుకునే బిచ్చగాళ్లు లెక్కలోకి వచ్చేవారు కాదు. మశూచికి మాత్రం వాళ్లు దొరికేవారు.

జబ్బున్న చోటికే వెళ్లి దాన్ని అక్కడే కట్టడి చేయాలనే ఆలోచన పూర్తిగా కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరంలో 19వ శతాబ్దం చివర్లో నిర్బంధ టీకాలను జనం గట్టిగా ఎదిరించారు. దాంతో అక్కడి పురపాలక సంఘం కేసు రాగానే తెలియజేయడం, రోగిని వేరుగా ఉంచడం, అతనితో మెలిగినవాళ్లను గమనించడం మీద ఆధారపడింది. మన దగ్గర మద్రాసులో డాక్టర్ ఎ. రామచంద్రరావు ఏళ్ల తరబడి మశూచి రోగుల్ని, వాళ్ల ఇళ్లను పరిశీలించారు. ఈ జబ్బు జనం అనుకున్నంత వేగంగా పాకదని, ఎక్కువగా రోగి ఇంట్లోవాళ్లకు, దగ్గరగా మెలిగినవాళ్లకే అంటుతుందని ఆ పరిశీలనలు చూపాయి. విడివిడిగా ఉన్న ఈ తెలివిడి అంతా ఒక పద్ధతిగా కుదిరి, దానికి నిఘా–కట్టడి అని పేరు పడింది మాత్రం ఒగోజా తర్వాతే. 1967లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డి.ఎ. హెండర్సన్ నాయకత్వంలో నిర్మూలన కార్యక్రమాన్ని ఉధృతం చేసినప్పుడు టీకాలతో పాటు నిఘాకూ పెద్దపీట వేసింది.

మశూచి స్వభావం కూడా ఈ పద్ధతికి కలిసొచ్చింది. ఆ వైరస్ మనుషుల్లో తప్ప జంతువుల్లో బతకదు. ఒంట్లో చేరితే దాగదు, ముఖం మీద, చేతుల మీద పొక్కులుగా బయటపడుతుంది. సోకిన పది పద్నాలుగు రోజులకు గానీ లక్షణాలు కనిపించవు. పొక్కులు రాకముందు ఒకరి నుంచి ఒకరికి దాదాపుగా అంటదు. అన్నిటికంటే పెద్ద వరం ఇంకొకటి ఉంది. సోకాక మూడు నాలుగు రోజుల్లోపు టీకా వేసినా చాలావరకు కాపాడుతుంది. అంటే రోగిని త్వరగా కనుక్కుంటే, అతని చుట్టూ ఉన్నవాళ్లను కాపాడే వ్యవధి మన చేతిలో ఉంటుంది. ఆలస్యమైన ప్రతి రోజూ ఆ వ్యవధిలోంచే పోతుంది.

రెండు మొనల సూది

పద్ధతి ఉంటే చాలదు, పల్లెల్లో నిలబడే పనిముట్టు కూడా కావాలి. అంతకుముందు మన దేశంలో టీకాలు వేసేవాళ్లు చర్మం మీద పెట్టి తిప్పే లాన్సెట్ వాడేవారు. గాయం పెద్దదయ్యేది, నొప్పి ఎక్కువ. టీకాలవాళ్లు వస్తున్నారంటే తల్లులు పిల్లల్ని దాచేసేవారంటే ఆ భయానికి కారణం ఉంది. అమెరికాలో వైత్ కంపెనీలో పనిచేసే బెంజమిన్ రూబిన్ 1960లలో దీనికో ఉపాయం కనిపెట్టారు. కుట్టుమిషను సూదికి దారం ఎక్కించే కన్ను ఉంటుంది కదా, దాని చివర అరగదీస్తే రెండు మొనలు మిగులుతాయి. ఆ మొనల్ని మందులో ముంచి తీస్తే వాటి మధ్య సరిగ్గా ఒక డోసుకు సరిపడా చుక్క నిలుస్తుంది. భుజం మీద గోరంత జాగాలో నిటారుగా పట్టి పదిహేనుసార్లు చకచకా పొడిస్తే సరి. రక్తం కాస్త చెమ్మగిల్లితే టీకా పడినట్టే.

చదువు లేనివాళ్లు కూడా కొద్ది నిమిషాల్లో నేర్చుకోగలిగిన పని అది. అదే సీసా మందు అంతకుముందు కంటే నాలుగు రెట్ల మందికి సరిపోయేది. సూదిని మరిగించి మళ్లీ వాడేవారు. కంపెనీ రాయల్టీ వదులుకుంది. ఎండకు పాడైపోని పొడి టీకా అంతకుముందే, 1950లలో, లండన్‌లోని లిస్టర్ సంస్థలో లెస్లీ కాలియర్ చేతి మీదుగా తయారైంది. ఈ రెండూ కలిశాక టీకాలు వేసే మనిషికి ఐస్ పెట్టెతో పని లేకపోయింది. సంచీలో వేసుకుని ఏ ఊరికైనా నడిచి వెళ్లగలిగాడు.

వెతికితే బయటపడిన వేలు

1973 నాటికి మశూచి నాలుగు దేశాలకు పరిమితమైంది. వాటిలో పెద్దది మనది. దక్షిణాది రాష్ట్రాలు అప్పటికే ఊపిరి పీల్చుకున్నాయి. ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్ లాంటి చోట్ల జబ్బు పాతుకుపోయి ఉంది. ఢిల్లీలోని జాతీయ అంటువ్యాధుల సంస్థ డైరెక్టర్ ఎం.ఐ.డి. శర్మ, మహేంద్ర దత్తా లాంటి భారతీయ వైద్యులు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా కార్యాలయం నుంచి నికోల్ గ్రాసె, ఈసారి భారతదేశానికి వచ్చిన ఫేగీ కలిసి కొత్త ప్రణాళిక వేశారు. టీకాల లెక్కలు పక్కన పెట్టి, ముందు జబ్బు ఎక్కడెక్కడ ఉందో వెతకాలి. ఆరోగ్య శాఖలో ఉన్న ప్రతి ఒక్కరూ నెలలో ఒక వారం తమ మామూలు పని ఆపి దీని మీదే తిరగాలి.

1973 అక్టోబరులో తొలి గాలింపు జరిగింది. అప్పటిదాకా వారం వారం వచ్చే ప్రభుత్వ నివేదికల్లో కేసులు వందల్లో ఉండేవి. గాలింపు అయ్యేసరికి వేలల్లో తేలాయి. చాలామంది అధికారులు నిర్ఘాంతపోయారు. జబ్బు ఒక్కసారిగా పెరిగిందా? పెరగలేదు. అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, అంతే.

ఎందుకు చెప్పలేదన్నదే ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే సంగతి. కేసు ఉందని రాసిన ఉద్యోగిని పై అధికారి మెచ్చుకునేవాడు కాదు, నీ ఇలాకాలో మశూచి ఎలా వచ్చిందని నిలదీసేవాడు. కాబట్టి కింది ఉద్యోగి సున్నా రాసి పంపేవాడు. పైవాడు ఆ సున్నాలు కూడి ఇంకా పైకి పంపేవాడు. కాగితాల మీద జబ్బు తగ్గేది, పల్లెల్లో పెరిగేది. గాలింపు పద్ధతి ఈ మర్యాదను తలకిందులు చేసింది. కేసు దొరకడం తప్పు కాదు, ఉన్న కేసు దొరక్కపోవడం తప్పు. కొత్త కేసు చూపిన వాళ్లకు బహుమతి పెట్టారు. మొదట 50 రూపాయలు, తర్వాత 100, జబ్బు అరుదైపోయాక ఏకంగా 1,000. ఆ బహుమతి సంగతి పల్లె గోడల మీద జేగురు రంగుతో రాయించారు.

వెతికే తీరు కూడా నెలనెలా పదునెక్కింది. మొదట ఊరి పెద్దనూ కాపలా మనిషినీ అడిగేవారు. పెద్దలకు అన్నీ తెలియవని, తెలిసినా చెప్పరని త్వరలోనే అర్థమైంది. అప్పుడు బడికి వెళ్లి పిల్లల్ని అడగడం మొదలైంది. సంత రోజున సంతలో నిలబడి అడగడం మొదలైంది. చివరికి ఇల్లిల్లూ తిరిగారు. కార్యకర్త చేతిలో ఒక కార్డు ఉండేది. దాని మీద ముఖం నిండా మశూచి పొక్కులున్న పసివాడి ఫోటో. ఇలాంటి పిల్లలు మీ ఇంట్లో గానీ, మీకు తెలిసిన ఇంకెక్కడైనా గానీ ఉన్నారా అని ఆ కార్డు చూపించి అడిగేవారు. జనం చెప్పిన ప్రతి పొక్కుల జ్వరాన్నీ చూసి తేల్చవలసిందే. తెలుగు పల్లెల్లో పెద్దమ్మవారికీ ఆటలమ్మకూ తేడా ముసలమ్మలు చూసి చెప్పేసేవారు. వైద్యులు నేర్పింది కూడా ఇంచుమించు అదే. ఆటలమ్మ పొక్కులు పొట్ట మీద, వీపు మీద ఎక్కువ. కొన్ని పచ్చిగా, కొన్ని ఎండిపోతూ కనిపిస్తాయి. మశూచి పొక్కులు ముఖం మీద, చేతులు కాళ్ల మీద ఎక్కువ. ఒకచోట ఉన్నవన్నీ ఒకే దశలో ఉంటాయి, అరచేతులకూ అరికాళ్లకూ కూడా వస్తాయి.

కార్యకర్త నిజంగా తిరిగాడా లేదా అని చూడటానికి వేరే వాళ్లు వెనకాలే వెళ్లేవారు. కొన్ని ఊళ్లు ఎంచుకుని, మీ ఇంటికి ఎవరైనా వచ్చారా, కార్డు చూపించారా, బహుమతి ఎంతో తెలుసా అని అడిగేవారు. తిరగనిది తిరిగినట్టు రాస్తే దొరికిపోయే ఏర్పాటు అది. ఉధృతంగా సాగిన రోజుల్లో లక్షకు పైగా కార్యకర్తలు దాదాపు 10 కోట్ల ఇళ్లు గాలించారు.

ఒక్క నెల గడువు

1974 వేసవి వచ్చింది. అది మశూచి విజృంభించే కాలం. బీహార్ ఎండల్లో ప్రయాణాలే నరకం. మే నెలలో రైల్వే సమ్మె మొదలై మనుషులూ మందూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మే 18న పోఖ్రాన్‌లో అణు పరీక్ష జరిగింది. అణుబాంబు పేల్చిన దేశంలో మశూచి ఇంకా పోలేదేమని ప్రపంచ పత్రికలు ఎత్తిపొడిచాయి. అప్పటి బీహార్‌లో, ఉక్కు కర్మాగారాలున్న టాటానగర్‌లో జబ్బు చెలరేగింది. పని కోసం వచ్చినవాళ్లు, బిచ్చగాళ్లు రైళ్లెక్కి ఊళ్లకు తిరిగి వెళ్తుంటే వాళ్లతోపాటు అదీ వెళ్లింది. వందలాది చోట్ల తలెత్తిన కేసుల మూలాలు వెతికితే టాటానగర్‌లో తేలాయి. అక్కడికి వెళ్లిన లారీ బ్రిలియంట్ అనే యువ డాక్టరు టాటా యాజమాన్యాన్ని కలిసి సాయం అడిగారు. కంపెనీ మనుషుల్నీ వాహనాల్నీ డాక్టర్లనూ ఇచ్చింది. టీకా లేకుండా ఎవరూ ఊరు దాటకుండా దారులూ స్టేషనూ కట్టుదిట్టం చేశారు.

అయినా బీహార్ మొత్తం మీద కేసులు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. వెతికేకొద్దీ దొరుకుతున్నాయి కాబట్టి లెక్కలు భయపెడుతున్నాయి. రాష్ట్ర ఆరోగ్య మంత్రి మీద ఒత్తిడి పెరిగింది. ఒక సమావేశంలో ఆయన, ఈ కొత్త పద్ధతి పనిచేయడం లేదు, మళ్లీ అందరికీ టీకాలు వేసే పాత పద్ధతికే వెళ్దామని చెప్పేశారు. ఫేగీ వాదించినా ఫలితం లేకపోయింది. అప్పుడు వెనక నుంచి ఒక యువ భారతీయ డాక్టరు లేచి నిలబడ్డాడు. తాను పల్లెటూరివాణ్నని, తమ ఊళ్లో ఇల్లు అంటుకుంటే తక్కిన ఇళ్లన్నిటి మీదా నీళ్లు చల్లుతూ కూర్చోరని, కాలుతున్న ఇంటి మీదే కుమ్మరిస్తారని అన్నాడు. మంత్రి కాసేపు ఆలోచించి ఒక్క నెల గడువిచ్చారు. ఫేగీ చాలా ఏళ్ల తర్వాత ఈ ఉద్యమం గురించి రాసిన పుస్తకానికి ఆ మాట మీదే పేరు పెట్టుకున్నారు.

ఆ నెలలోనే లెక్క తిరగబడింది. కొత్తగా జబ్బు సోకే ఊళ్ల సంఖ్య తగ్గడం మొదలైంది. వేలమంది మొదటి నుంచీ తిరిగి చేసిన పని ఫలితమది. ఆ ఒక్క నెల ఓపిక పట్టకపోతే అదంతా గంగలో కలిసిపోయి ఉండేది.

ఊరి చుట్టూ గీత

కేసు దొరికాక ఊళ్లో ఏం జరిగేదో దగ్గరగా చూద్దాం. రోగి ఉన్న ఇంటికి కాపలా పెట్టేవారు, పగలు ఇద్దరు, రాత్రి ఇద్దరు. చాలాచోట్ల ఆ ఊరివాళ్లనే జీతానికి పెట్టుకునేవారు. రోగి బయటికి రాకూడదు, టీకా లేనివాళ్లు లోపలికి వెళ్లకూడదు. ఇంటివాళ్లకు తిండీ తిప్పలూ చూడకుండా కదలొద్దంటే ఎవరు మాత్రం ఆగుతారు? అందుకే కూలి పోయిన ఇంటికి తిండి గింజలు ఇప్పించిన చోట్ల కట్టడి బాగా నిలబడింది. తర్వాత ఊరి జనాభా అంతా ఇంటింటి పేర్లతో పుస్తకంలోకి ఎక్కేది. పొలం వెళ్లినవాళ్లు ఇంటికి చేరాక, రాత్రిపూటో తెల్లవారుజామునో టీకాలు వేసి పేర్ల పక్కన గుర్తు పెట్టేవారు. ఊరి చుట్టూ మైలు దూరంలో ఉన్నవాళ్లకూ వేసేవారు.

ఇంకో పుస్తకంలో చుట్టాల చిట్టా ఉండేది. రోగికి పొక్కులు వచ్చాక ఈ ఇంటికి ఎవరొచ్చారు, ఏ ఊరికి వెళ్లారు? ఈ రోగికి జబ్బు ఎక్కడ అంటింది, రెండు వారాల కిందట తను ఎక్కడున్నాడు? మొదటి ప్రశ్న జబ్బు వెళ్లిన దారి చూపేది, రెండోది వచ్చిన దారి. ఆ ఊళ్లకు వెంటనే కబురు వెళ్లేది. చివరి కేసు తర్వాత వారాల తరబడి కొత్తది రాకపోతేనే ఆ ఊరి పేరు జాబితాలోంచి కొట్టేసేవారు.

1974లో దేశంలో నమోదైన కేసులు 1 లక్ష 88 వేలు. 1975లో పదిహేను వందల లోపు. ఆ ఏడాది మే 17న బీహార్‌లో మన దేశపు చివరి స్థానిక కేసు బయటపడింది. వారం తర్వాత, మే 24న, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒక మహిళ అస్సాంలోని కరీంగంజ్‌లో దొరికింది. ఆమె తర్వాత ఈ దేశంలో మశూచి లేదు. 1977 ఏప్రిల్‌లో అంతర్జాతీయ సంఘం ఆ సంగతి ధ్రువీకరించింది. అదే ఏడాది అక్టోబరులో సోమాలియాలో ప్రపంచంలోనే చివరి సహజ కేసు నమోదైంది.

ఈ విజయంలో ఒక మచ్చ కూడా ఉంది, దాన్ని దాచకూడదు. చివరి రోజుల తొందరలో బీహార్‌లో, పొరుగున బంగ్లాదేశ్‌లో కొన్ని ఊళ్లలో అర్ధరాత్రి తలుపులు బద్దలుకొట్టి, మనుషుల్ని పట్టుకుని టీకాలు పొడిచారని చరిత్రకారులు రికార్డు చేశారు. వ్యాధిని ఆపాలన్న ఆత్రంలో మనిషి మాట వినడం మానేశారు. ఆ భయం పల్లెల్లో ఆ తర్వాత వచ్చిన ఆరోగ్య కార్యక్రమాల మీద కూడా పడింది. గింజలు ఇచ్చి ఇంట్లో ఉండమన్న చోట పద్ధతి గెలిచింది, తలుపు విరగ్గొట్టిన చోట టీకా గెలిచి నమ్మకం ఓడింది.

మన మధ్య ఆ పద్ధతి

మశూచి పోయినా దాన్ని పోగొట్టిన తీరు మిగిలింది. 2015లో గినియాలో ఎబోలా టీకాను పరీక్షించినప్పుడు రోగిని కనుక్కుని, అతని కాంటాక్టులకూ వాళ్ల కాంటాక్టులకూ వలయంలా టీకాలు వేశారు. హైదరాబాద్‌కు కూడా ఇలాంటి అనుభవం ఉంది. 2016లో అంబర్‌పేటలో తీసిన మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన రెండో రకం పోలియో వైరస్ కనిపించింది. ఒక్క బిడ్డకూ పోలియో రాలేదు. అయినా ఆ జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేశారు. జబ్బు మనిషి దాకా రాకముందే మురుగులో దాని జాడ పట్టుకున్నారంటే ఒగోజా రేడియో నుంచి నిఘా ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది.

ప్రతి జబ్బుకూ ఇదే తాళంచెవి సరిపోదు. 2020లో కోవిడ్ ఆ సంగతి మనకు గట్టిగా నేర్పింది. లక్షణాలు రాకముందే, కొందరిలో అసలు రాకుండానే అంటుకునే జబ్బుకు రోగి చుట్టూ గీత గీయాలంటే గీత ఎప్పుడూ ఒకడుగు వెనకే పడుతుంది. పొక్కులతో తనను తానే చూపించుకునే మశూచికి కుదిరినంత సులువుగా మిగతా వాటికి కుదరదు. అయినా మొదటి ప్రశ్న మాత్రం అన్నిటికీ ఒకటే. ఎక్కడ, ఎవరికి, ఎప్పటి నుంచి? కలరాకు ఆ ప్రశ్న నీటి దగ్గరికి తీసుకెళ్తుంది, డెంగీకి దోమ దగ్గరికి, నిపాకు గబ్బిలం దగ్గరికి. ఆ ప్రశ్న అడగకుండా పంచే మందు, చల్లే బ్లీచింగ్ పొడి, కొట్టే ఫాగింగ్, ఇవన్నీ కెమెరాలకు పనికొస్తాయి గానీ జబ్బును ఆపవు.

2004లో మన దేశం సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం మొదలుపెట్టింది. ఉపకేంద్రంలో ఏఎన్ఎం నుంచి జిల్లా కార్యాలయం దాకా జ్వరాలూ విరేచనాలూ నమోదయ్యే ఏర్పాటు ఉంది. కానీ ఏ ఏర్పాటైనా దాని అట్టడుగున ఉన్న మనిషి నిజం రాయగలిగినంత వరకే పనిచేస్తుంది. మా వీధిలో ఈ వారం నలుగురు పిల్లలకు ఒకేలాంటి జ్వరం వచ్చిందని ఆశా కార్యకర్త చెబితే, ఆమెకు శభాష్ అనాలా, సంజాయిషీ అడగాలా? సమీక్ష సమావేశంలో కేసులు పెరిగిన మండలాన్ని నిలబెట్టి తిట్టే ప్రతిసారీ మనం 1973 ముందటి సున్నాల కాలానికి వెళ్తున్నాం. తిట్లు తిన్న మండలం వచ్చే నెల జబ్బును తగ్గించదు, లెక్కను తగ్గిస్తుంది.

బీహార్ పల్లెల్లో మశూచిని పట్టిచ్చింది పెద్ద పరికరాలు కావు. కార్డు చూసి మా పక్క ఊళ్లో అలాంటి వాడున్నాడని చెప్పిన బడిపిల్లలు, సంతకొచ్చిన మనుషులు పట్టిచ్చారు. వాళ్లు చెప్పడానికి కారణం, అడిగినవాడు వాళ్లను తప్పుపట్టలేదు. జబ్బు ఉందని చెప్పినవాడికి బహుమతి ఇచ్చిన దేశం మనది. ఆ మర్యాద ప్రతి ఆరోగ్య ఉపకేంద్రంలో, ప్రతి కలెక్టరు సమీక్షలో మళ్లీ రావాలి. తర్వాతి అంటువ్యాధి ఏదైనా కానీ, దాన్ని ముందుగా చూసేది ఏదో ఒక ఊళ్లో ఏదో ఒక మామూలు మనిషే. ఆ మనిషి జంకకుండా నోరు విప్పగలిగితేనే మన దగ్గరున్న మందులన్నీ అక్కరకొస్తాయి.